మార్పులేని జంట

మేము పై తరగతుల విద్యార్థులకు జావా భాష బోధించుచుండగా, వారిని మిక్కిలి తికమకపెట్టునది ‘జంట’ యను చిన్న వస్తువు. రెండు విలువలను ఒకచోట కట్టియుంచుటయే దాని పని. అవి సంఖ్యలో, పదములో ముందుగా నిర్ణయింపక, వాడువారి యిష్టమునకు విడుచుటను జెనెరిక్ అందురు. ఈ సౌకర్యము జావాకు 2004లో కలిగినది.

ఒకమారు కట్టిన జంటను మార్చరాదనగానే, “మార్చ వీలులేనిది మనకేల, మాస్టరుగారూ?” అని యొక బాలిక యడిగినది. మంచి ప్రశ్నయే.

మార్కుల పట్టికతో జవాబు చెప్పితిమి. విద్యార్థి సంఖ్యయు పాఠ్యవిషయమును గల జంటను కీగా జేసి, హాష్ మ్యాపులో మార్కులుంచితిమి. ఆ మ్యాపు జంటలోని విలువలనుబట్టి యొక లెక్క గట్టి, ఆ లెక్క చూపిన గదిలో మార్కులను దాచును. పిమ్మట నెవరైన జంటలోని 12ను 21గా మార్చిరనుకొనుడు. 12 అని వెదకినచో గది దొరకును గాని, అందలి జంట సరిపడదు. 21 అని వెదకినచో లెక్కయే వేరగుటచే దొరకదు. మార్కులు లోపలనే యుండును. ఒక పిల్లవాని యేడాది శ్రమ మాత్రము ఎవరికిని కానరాదు. బాలిక మారుమాటాడక, జంటలోని రెండింటిముందును తానే ‘ఫైనల్’ అని వ్రాసినది.

అదియు పూర్తి కాపుదల కాదు. జంటలో జాబితా నుంచినచో, జంట మారకున్నను జాబితాలోనివి మారవచ్చును. 2021లో జావా 16తో స్థిరపడిన రికార్డునకును ఈ లోపము కలదు. అయినను మేము రికార్డునే మెచ్చుకొందుము. ‘మొదటిది’, ‘రెండవది’ అని మూగపేర్లతో సరిపెట్టుకొనక, ‘సంఖ్య’, ‘విషయము’ అని ఒక్క పంక్తిలోనే పేరు పెట్టుకొనుటకు అందు వీలున్నది.