మేము వదిలివచ్చిన డబ్బా

2022లో ఉద్యోగరీత్యా మా కుటుంబం విజయవాడ నుండి ఇంగ్లండులోని లెస్టరుకు వచ్చింది. బయలుదేరే ముందు సామాను తూచి చూస్తే బరువు మించిపోయింది. తపాలా బిళ్ళల ఆల్బములు ఆరింటినీ పెట్టెలో సర్దుకున్నాము. ఒకే రకం బిళ్ళలు రెండేసి, మూడేసి దాచిన బిస్కెట్ల డబ్బాను మాత్రం, "ఇవి మన ఆల్బములో ఉన్నవే కదా" అని తమ్ముడి ఇంట్లో వదిలివేశాము.

విజయవాడలో ప్రతి రెండవ శనివారం సాయంత్రం రిటైరైన ఒక మాస్టారి గారి వరండాలో పదిమందిమి కలిసేవాళ్ళం. కవరు ముక్కలను నీళ్ళలో నానబెట్టి, జిగురు వదిలాక బిళ్ళను పాత పేపరు మీద బోర్లించి ఆరబెట్టడం మాకు నేర్పింది ఆయనే. అంచు పళ్ళలో ఒక్కటి విరిగినా విలువ తగ్గుతుందని, వేళ్ళతో ముట్టనిచ్చేవారు కాదు. నిజాం ప్రభుత్వం 1931లో వేసిన చార్మినారు బొమ్మ గల అణా బిళ్ళలు ఆయన వద్ద రెండుండేవి. ఒకటి మా అబ్బాయికిచ్చి, "నీ దగ్గర ఎక్కువగా ఉన్నది ఒకటి నాకివ్వు బాబూ, చాలు" అన్నారు. వాడు మొహమాటపడుతూ ఇచ్చిన మామూలు బిళ్ళను ఎంతో సంతోషంగా పుచ్చుకున్నారు.

ఇక్కడ బిళ్ళలకు కొదువ లేదు. 1840లో లోకంలోనే మొట్టమొదటి తపాలా బిళ్ళను వేసిన దేశమిది. అందుకే నేటికీ వీరి బిళ్ళల మీద దేశం పేరుండదు. రాజు లేదా రాణి తల బొమ్మే గుర్తు. బార్‌కోడు లేని రోజువారీ బిళ్ళలు 2023 జూలై 31తో చెల్లకుండా పోయాయి. వరండాలో అయితే ఈ సంగతి మీద గంటసేపు వాదించుకునేవాళ్ళం. ఇక్కడ మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకొని ఆల్బము మూసివేశాము. అబ్బాయి అయితే తన ఆల్బము తెరవడమే మానేశాడు.

ఈ ఊరివారు మమ్మల్ని కలుపుకోవడం లేదని అప్పటిదాకా లోలోపల బాధపడ్డాము. 2024లో ఒక ఆదివారం స్టాంపులు సేకరించేవారి కూటానికి వెళ్ళాము. ఒక పెద్దాయన మా ఆల్బము ఓపికగా చూసి, "మార్చుకోవడానికి ఏమి తెచ్చారు?" అని అడిగారు. మా చేతిలో ఏమీ లేదు. మావన్నీ దాచుకోవడానికి తెచ్చుకున్నవే. ఆ రాత్రే తమ్ముడికి ఫోను చేశాము.

డబ్బా వచ్చింది. తరువాతి కూటంలో ఆ పెద్దాయన మన దేశపు బిళ్ళలు నాలుగు ఏరుకొని, వాటికి బదులు ఇవ్వవలసినవి అబ్బాయినే ఎంచుకోమన్నారు. వాడు ఆ రాత్రి చాలాసేపు పడుకోలేదు. ఆ వరండా ఇక్కడ దొరకదు. రెండవ శనివారం వస్తే ఇప్పటికీ మనసు అక్కడికే పోతుంది. అయినా, దూరదేశం బయలుదేరే కుటుంబాలకు మా మనవి ఒక్కటే: మీకు ఇష్టమైనవాటితో పాటు, ఇతరులకు ఇవ్వదగినవి కూడా కొన్ని పెట్టెలో పెట్టుకోండి.