చేయి తిరిగిన నర్సుకు మళ్ళీ చదువెందుకు?

పిల్లలూ! పరీక్షలు కాగానే పుస్తకాలు అటక మీద పెట్టి, "హమ్మయ్య, ఇక చదువు లేదు" అనుకుంటారు గదా! ఆ మాట బడిలో ఎన్ని వేసవులు విన్నానో లెక్కలేదు. మరి పెద్దయి, ఉద్యోగం వచ్చి, పని బాగా చేతికి వచ్చాక కూడా మళ్ళీ పలక పట్టేవాళ్ళు ఉంటారా? ఉంటారు. అటువంటి ఒకామెను గురించి ఈసారి చెబుతాను.

ఆమె ఒకప్పుడు మా బడిలో చదువుకున్న పిల్లే. తరవాత బి.ఎస్సీ. నర్సింగు చదివి, 14 ఏళ్ళుగా ఒక పెద్ద ఆస్పత్రిలో పనిచేస్తున్నది. ప్రాణం మీదికి వచ్చిన రోగులను ఉంచే ఐ.సి.యు. గదిలో ఆమె పని. ఎవరికీ దొరకని రక్తనాళం కూడా ఆమె వేలికి దొరుకుతుందని అక్కడ పేరు. ఆమె ఒకనాడు మా యింటికి వచ్చి, ఒక కాగితం చేతికిచ్చింది.

"మాస్టారూ, పై చదువుకు దరఖాస్తు పెడుతున్నాను. ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసి ఇమ్మన్నారు. ఒకసారి చూసిపెట్టండి" అన్నది.

ఆ చదువును నర్స్ ప్రాక్టీషనర్ చదువు అంటారు. దీనికి పుట్టిల్లు అమెరికా. కొలరాడో రాష్ట్రంలో పల్లెల పిల్లలకు డాక్టర్లు చాలేవారు కారు. ఆ ప్రాంతంలోనే ప్రజారోగ్య నర్సుగా పనిచేసిన లొరెట్టా ఫోర్డ్, పిల్లల వైద్యుడు హెన్రీ సిల్వర్ కలిసి 1965లో అక్కడి విశ్వవిద్యాలయంలో కొత్త శిక్షణ మొదలుపెట్టారు. పిల్లలను స్వయంగా పరీక్షించడం, చిన్న జబ్బులకు వైద్యం చేయడం, ఎవరిని వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలో గుర్తించడం అనుభవం గల నర్సులకు నేర్పారు. ఫోర్డ్ 104 ఏళ్ళు బతికి 2025లో కన్నుమూసింది. మన దేశంలో ఐ.సి.యు. నర్సుల కోసం ఇటువంటి రెండేళ్ళ పోస్టుగ్రాడ్యుయేట్ చదువును 2016లో ప్రవేశపెట్టారు. అందులో ఎక్కువ కాలం గడిచేది తరగతి గదిలో కాదు, రోగి మంచం పక్కనే.

ఇంట్లో మాత్రం ఎవరికీ ఇది నచ్చలేదు. కొడుకు ఆరో తరగతి. రెండేళ్ళు జీతం తగ్గుతుంది. హెడ్ నర్సు పదవి రేపో మాపో వచ్చేలా ఉంది. "అన్నీ తెలిసినదానివి, ఇంకా నేర్చుకునేదేమిటమ్మా?" అని నేనూ అడిగాను.

"కాగితం చదవండి మాస్టారూ" అన్నది.

అందులో మూడు ఆశయాలున్నాయి. మొదటిది, తాను చూసినదాన్ని మాటల్లో చెప్పగలగడం. కొన్నేళ్ళ కిందట ఒక రాత్రి ఆమె చూస్తున్న రోగికి జ్వరం లేదు, రక్తపు పోటు సరిగానే ఉంది. కాని నిమిషానికి 16 సార్లు పీల్చే ఊపిరి 26కు పెరిగింది. ఒంట్లో ఏదో పెద్ద చెడు మొదలైనప్పుడు, తక్కినవి మారకముందే ఊపిరి వేగం పెరగవచ్చు. ఆమెకు మనసులో కీడు తోచింది. డాక్టరు మరో రోగి ప్రాణం నిలబెట్టే పనిలో ఉన్నాడు. "ఈయన ఏదో తేడాగా ఉన్నాడు" అని మాత్రం ఆమె చెప్పగలిగింది. ఆ మాటకు అంత తొందర కనిపించలేదు. తెల్లవారేసరికి ఆ రోగి పోయాడు. ముందే వైద్యం జరిగితే దక్కేవాడో కాదో ఎవరూ చెప్పలేరు. కాని ఆ రాత్రి ఆమెను వదలలేదు. రోగిని తానే పరీక్షించి, డాక్టర్లు ముందుగా రాసి ఉంచిన నియమాల ప్రకారం వైద్యం మొదలుపెట్టి, కారణంతో సహా డాక్టరుకు చెప్పగలగాలని ఆమె రాసుకుంది. ఇది డాక్టరు పని లాక్కోవడం కాదు. డాక్టరు వచ్చేలోగా కాలం వృథా పోనివ్వకపోవడం.

రెండోది, చేతికి వచ్చిన పనికి కారణం తెలుసుకోవడం. దీనికి ఆమె చెప్పిన ఉదాహరణ నాకు చాలా నచ్చింది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న రోగికి వెంటిలేటరు అనే యంత్రం గాలి పంపుతుంది. ఊపిరి ఆడనివాడికి ఎక్కువ గాలి పంపితే మంచిదని ఎవరికైనా తోస్తుంది. చాలాకాలం అలాగే పంపారు కూడా. అమెరికాలో 861 మంది రోగులను రెండు జట్లు చేసి పరీక్షించారు. ఒక జట్టుకు ప్రతి ఊపిరికీ కిలో బరువుకు 12 మిల్లీలీటర్లు, రెండో జట్టుకు 6 మిల్లీలీటర్లు లెక్క. 2000లో ఫలితం ప్రకటించారు. ఎక్కువ గాలి పొందిన జట్టులో నూటికి దాదాపు 40 మంది చనిపోతే, తక్కువ గాలి పొందిన జట్టులో 31 మందే చనిపోయారు! జబ్బుపడ్డ ఊపిరితిత్తుల్లో పనిచేసే భాగం కొంచెమే మిగులుతుంది. గాలంతా అందులోకే దూరి, దాన్ని సాగదీసి గాయపరుస్తుంది. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ బరువును తక్కెడతో తూచరు, మనిషి పొడుగును బట్టి లెక్క కడతారు. మనిషి లావెక్కితే ఊపిరితిత్తులు పెరగవు గదా!

"ఎన్నేళ్ళు మంచం పక్కన నిలబడ్డా ఈ సంగతి నా కళ్ళకు కనిపించేది కాదు మాస్టారూ. ఇద్దరు ముగ్గురిని చూస్తే తెలియదు, వందలమందిని లెక్కకడితే తెలిసింది" అన్నది.

మూడోది, తన వెనక వచ్చేవారికి నేర్పడం. పెద్ద నర్సులను చూసి తాను పని నేర్చుకుంది. వారు చేసిందే తానూ చేసింది. కొత్తగా వచ్చే పిల్లలకు "ఇలా చెయ్యి" అనడంతో ఆగక, "ఇందుకు చెయ్యి" అని కూడా చెప్పాలని ఆమె కోరిక.

కాగితంలో నేను దిద్దినవి రెండు అక్షర దోషాలు మాత్రమే. ఆమెకు సీటు వచ్చింది. ఇప్పుడు తల్లీ కొడుకూ ఒకే బల్ల దగ్గర కూచుని చదువుకుంటున్నారు. హెడ్ నర్సు పదవి ఇంకొకరికి వెళ్ళింది. ఆమె ఆ ఊసే ఎత్తదు.

పిల్లలూ! మీరు చేయదగిన పని ఒకటి చెబుతాను. మీ నాన్నగారు తీరుబడిగా కూచున్నప్పుడు, గడియారం చూస్తూ ఒక నిమిషంలో ఆయన ఎన్నిసార్లు ఊపిరి పీల్చారో లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నట్టు ఆయనకు తెలియనివ్వకండి, తెలిస్తే ఊపిరి మారిపోతుంది! పెద్దవాళ్ళకు సాధారణంగా 12 నుంచి 20 వరకు ఉంటుంది. తరవాత నిద్రపోతున్న పసిపాపకు లెక్కపెట్టండి. ఎక్కువ వస్తుంది. ఎందుకు ఎక్కువ? మీ సైన్సు మాస్టారును అడగండి.