న్యూయార్కు నాటకశాలలో గీతాగానము

కార్తికమాసము. మా చోడవరమున నున్నచో వేకువనే స్నానమాడి, దీపము వెలిగించుకొని, శివాలయమునకును స్వయంభూ విఘ్నేశ్వరుని కోవెలకును పోయివచ్చు దినములవి. 2011వ సంవత్సరమున మాత్రమా మాసము మాకు అమెరికాలో గడచినది. మా అబ్బాయి న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసను అను నూర కాపురమున్నాడు. ఒకనాడు మా కోడలు వచ్చి, “అత్తయ్యగారూ, న్యూయార్కులో ఆపెరాకు పోవుదము రండు” అన్నది.

ఆపెరా యనగా నాటకమంతయు పాటయే. వట్టిమాట యన్నది దాదాపుగా నుండదు. ఇది విని మేము వెరగుపడలేదు. విశాఖపట్టణము జిల్లాలో పుట్టి పెరిగినవారము (మా చోడవరము 2022 మొదలు అనకాపల్లి జిల్లాలో చేరినది), తూర్పు భాగవతములు చూడనివారమా? మద్దెలలు మ్రోగుచుండ సత్యభామ తెరవెడలి వచ్చి తెల్లవారువరకు పాడుటయు, ఆడుటయు, మేము చాపలపై నిద్రపోవుచు లేచుచు చూచుటయు బాల్యమునుండి యెరిగినదే. తెల్లవారి పాట మనకు తెలియునా యని మాత్రము సంశయించితిమి. అందులకు కోడలు నవ్వి, “ఈ ఆపెరా యంతయు సంస్కృతము. పాడునది భగవద్గీత” అన్నది. ఇక మా యుత్సాహమున కడ్డులేదు. ప్రతి యేకాదశికిని పదునెనిమిది యధ్యాయములు పారాయణము చేయుదుము. ఆ సభలో మాకంటె తెలిసినవారెవ్వరుందురని గర్వపడితిమి. ఆ గర్వమేమైనదో ముందు వ్రాసెదము.

చీరపై ఉన్నికోటు తొడిగికొని, పులిహోర పొట్లము సంచిలో నుంచుకొని రైలెక్కితిమి. పెన్ స్టేషనున దిగి, భూమి క్రింద పోవు రైలులో అరువదియారవ వీధికి చేరినచో, ఎదుట ఫౌంటెను, దాని వెనుక అయిదు కమానుల అద్దపు గోడతో మెట్రోపాలిటన్ ఆపెరా భవనము. ఇది 1966లో తెరువబడినది. షగాల్ అను చిత్రకారుడు వ్రాసిన రెండు గొప్ప పటములు ఆ యద్దములనుండి వీధికి కనబడును. లోపల సుమారు 3,800 మంది కూర్చుండవచ్చును. ఆట మొదలగుటకు ముందు స్ఫటికపు దీపగుచ్ఛములు మెల్లమెల్లగా కప్పువరకు లేచిపోయినవి. అంత పెద్ద శాలలో పాడువారికి మైకు లేదు, కంఠబలమే యాధారము. శ్రోతలును గ్రుక్క మ్రింగినట్లు కూర్చుండిరి. ఒక బిడ్డ యేడ్పు లేదు, “వన్స్ మోర్” అను కేక లేదు. మాకు దగ్గు వచ్చినచో చెంగు నోటికడ్డము పెట్టుకొంటిమి.

ఈ ఆపెరా పేరు సత్యాగ్రహ. ఫిలిప్ గ్లాస్ అను అమెరికా విద్వాంసుడు రచింపగా 1980లో హాలెండు దేశమున రోటర్‌డాము నగరమున మొదట ప్రదర్శింపబడినది; ఈ శాలకు 2008లో వచ్చినది. గాంధీమహాత్ముడు 1893 మొదలు 1914 వరకు దక్షిణాఫ్రికాలో గడిపిన జీవితము కథ. అయినను పాత్రలు కథను చెప్పవు. కథ కన్నులకు, గీత చెవులకు. గ్లాసుగారు యౌవనమున పారిసులో రవిశంకరు వద్ద పనిచేసి మన తాళముల లెక్క నేర్చినవారట. అట్టివారు ఈ వాద్యబృందమున డోలు మొదలగు తాళవాద్యములను, బాకాలను పూర్తిగా మానిపించి, తీగ వాద్యములు, పిల్లనగ్రోవుల జాతివి, ఆర్గను మాత్రమే యుంచినారు. మద్దెల లేని భాగవతము మాకు కొంత వెలితిగానే తోచినది.

తొలి రంగము కురుక్షేత్రము. రిచర్డు క్రాఫ్టు అను గాయకుడు గాంధీ వేషమున ఒంటరిగా నిలిచి పాడసాగెను. ప్రథమాధ్యాయమున అర్జునుడు ఇరుసేనలను చూచు ఘట్టమని కోడలు చెవిలో చెప్పినది. మేము ఏ శ్లోకమా యని చెవులు రిక్కించితిమి. ఏమి చెప్పుదుము! ఒక్క అక్షరము నెంతసేపు సాగదీసిరనగా, మాట ముగియునప్పటికి దాని మొదలు మరచిపోవుచుంటిమి. మనమెరిగిన శ్లోకపు నడక లేదు, విరుపు లేదు. తక్కిన ఆపెరాలకు ముందు కుర్చీ వీపున ఇంగ్లీషు అనువాదము వెలుగుచుండునట. దీనికి అదియు లేదు. అప్పుడప్పుడొక వాక్యము రంగముపై పరచిన వార్తాపత్రికల కాగితములమీద దీపపు వెలుగున కనబడి పోవుచుండెను. గీతను పాడుచేసిరని మనసులో విసుగుకొంటిమి.

విరామమున మా ప్రక్కనున్న వృద్ధురాలు, తెల్లని జుట్టు గల అమెరికా దొరసాని, మా బొట్టును చీరను చూచి, “ఇది మీ భాష కదా! మీకెంత భాగ్యము!” అన్నది. మేమును పొంగిపోయి ఆ శ్లోకములను మెల్లగా రాగయుక్తముగా చదివి వినిపించితిమి. ఆమె కన్నులు మూసికొని విని, “దీని యర్థమేమి?” అని యడిగినది. “అర్జునుడు తన బంధువులను చూచి దుఃఖించెను” అంటిమి. “అది తెలియును. ఈ మాటకేమి యర్థము? ఆ మాటకేమి?” అని మరల నడిగినది. మాకు నోట మాట రాలేదు. యాబదియేండ్లుగా చదువుచున్న శ్లోకము! ఆమె నవ్వలేదు, అది మేలు. తన చేతి సంచిలోనుండి గీత యింగ్లీషు పుస్తకము తీసి, వ్రేలు పెట్టి చూపుచు మా శ్లోకమున కర్థము మాకే చెప్పినది. కోడలు దానిని తెలుగు చేసినది. ఆ చలిలో మాకు చెమటలు పట్టినవి.

అందుచేత రెండవ యంకమున మేము చెవులను విడిచి కన్నులనే నమ్మితిమి. 1897 జనవరిలో డర్బను రేవున ఓడ దిగిన గాంధీగారిని తెల్లవారు చుట్టుముట్టి కొట్టిరి. ఆ త్రోవను వచ్చుచున్న పోలీసు సూపరింటెండెంటు భార్య, అలెగ్జాండరు దొరసాని, ఎండ లేకున్నను గొడుగు విప్పి ఆయనకును గుంపునకును నడుమ నిలిచినది. ఆపెరాలో గుంపువారు తాటియెత్తు బొమ్మల నడుమ ఎగతాళిగా నవ్వుచు మీదికి వచ్చుచుండ, ఈమె యొక్కతె గొడుగుతో వచ్చును. మాకు గీత వినబడక, ఆ గొడుగే కనబడినది. ఎవరి భార్య, ఎవరికొరకు! ఆమెకు మన భాష రాదు, మన దేవుడు తెలియడు.

మూడవ యంకము 1913నాటి యాత్ర. అందు స్త్రీల పాలు గొప్పది. ఆ యేడు మార్చిలో సెర్లు అను న్యాయమూర్తి, క్రైస్తవ పద్ధతిని జరుగని పెండ్లిండ్లు అచ్చటి చట్టమునకు చెల్లవని తీర్పు చెప్పెను. మంగళసూత్రము కట్టించుకొన్న యిల్లాండ్రు ఒక్కనాటిలో భార్యలు కాకపోయిరి! కస్తూరిబా మొదలు ఎందరో జైలుకు నడచిరి. స్త్రీలు న్యూకాసిలు బొగ్గుగనులకు పోయి చెప్పగా కూలీలు పని మాని బయలుదేరిరి. ఆ కూలీలు, వారి పెద్దలు, ఒప్పందపు కాగితముపై వ్రేలిముద్ర వేసి 1860 మొదలు నేటాలునకు పోయినవారు. అందు మన విశాఖపట్టణము జిల్లావారును పలువురు.

మా తాతగారి యింట పాలికాపుగా నున్న పడుచువాడొకడు అట్లే చెన్నపట్టణమున ఓడ యెక్కెనని మా నాయనమ్మ చెప్పెడిది. అతని తల్లి యేటేట కార్తికమున వచ్చి, అరుగుమీద కూర్చుండి, “ఉత్తరమేమైన వచ్చినదా బాబూ?” అని యడుగుచుండెనట. రాలేదు. నాయనమ్మ అతని పేరైనను మాకు చెప్పలేదు, మేమును అడుగలేదు. రంగముమీద నడచుచున్న గుంపును ఒక్కొక్క ముఖముగా వెదకితిమి. వారందరు అమెరికావారే, వేషగాండ్రే. అయినను వెదకితిమి.

పోలీసులు ఒక్కొక్కరిని తీసికొనిపోగా తుదకు గాంధీ యొక్కడే మిగిలెను. వెనుక ఎత్తున మార్టిను లూథరు కింగు వేషధారి మనకు వీపు పెట్టి, కానరాని జనమునకు ఉపన్యసించుచున్నట్లు నిలిచియుండెను. అప్పుడు గాంధీ పాడినది మాకు స్పష్టముగా తెలిసినది. షడ్జము మొదలు పైషడ్జము వరకు ఎనిమిది స్వరములు. చిన్ననాడు వీణ నేర్చునపుడు ఎనిమిదవ మేళమని గట్టిపట్టు పట్టించిన హనుమత్తోడి స్వరములే! గమకము లేదు, అవరోహణము లేదు. ఎక్కుటయే. తుదకు చేరి, మరల క్రిందినుండి. వ్రేళ్ళ కణుపులపై లెక్కపెట్టుచు ఇరువదికి పైబడి తప్పిపోయితిమి. ముప్పది మారులని కోడలు తరువాత చెప్పినది. మాటలు నాలుగవ యధ్యాయములోనివి. తనకును అర్జునునకును ఎన్నియో జన్మములు గడచినవనియు, అవి తానెరుగుననియు, అర్జునుడెరుగడనియు కృష్ణుడు చెప్పు తావు. ఈ మారు అర్థము తెలిసియే వింటిమి.

దొరసాని లేచి, మా చేయి పట్టుకొని, “ఏడ్చుచున్నారా?” అన్నది. తోడిరాగమునుగూర్చి చెప్పితిమి. పాలికాపు తల్లిని గూర్చి చెప్పలేదు.

తిరుగురైలు హడ్సను నది క్రింద పోవుచుండగా పులిహోర పొట్లము విప్పితిమి. కోడలు తినుచు, “అత్తయ్యగారూ, ఆ మొదటి శ్లోకమొకసారి చదువుడు” అన్నది. “చదువుట కాదు, ఇంటికి పోయి తాత్పర్యము తీయుము, ఇద్దరమును చూతము” అంటిమి. ఆ రాత్రి పదునొకండు దాటినను మొదటి యధ్యాయమున సగమైన కాలేదు.