ఒక్క గీత తేడా!

మేడ్చల్‌లో ఇల్లు. శామీర్‌పేటలో ఉద్యోగం. సాయంత్రం ఆఫీసు మూసేముందు లెక్కల ఫైళ్లకు నకలు తీయించడం ఆ కుర్రాడి పని. అందుకు కావాల్సిన బ్యాచ్ ఫైలును రిటైరైన పెద్దాయన ఎప్పుడో విండోస్‌లో రాసిపెట్టారు. కుర్రాడికేమో యూనిక్స్ పద్ధతి అలవాటు. గిట్ బ్యాష్ తెరిచాడు. ‘సీఎండీ /సీ’ అని కొట్టి, పక్కన ఫైలు పేరు చేర్చి ఇంటికి బయల్దేరాడు.

పొద్దున వచ్చి చూస్తే నకలు లేదు. తప్పు జరిగిందన్న మాటా లేదు. తెర మీద కర్సర్ మాత్రం మినుకుమినుకుమంటోంది!

‘‘మీ ఫైలు పాతబడిపోయింది సార్’’ అని ఫోన్ చేశాడు.

‘‘అసలు అది మొదలైందా బాబూ?’’ తాపీగా అడిగారు పెద్దాయన.

మొదలవలేదు. బ్యాచ్ ఫైళ్లను నడిపే సీఎండీకి ‘/సీ’ అంటే ‘ఈ పని చేసి ముగించు’ అని. గిట్ బ్యాష్‌కు మాత్రం అది సీ డ్రైవ్ చిరునామా. అలాగే మార్చి పంపింది. ఏం చేయాలో తెలియని సీఎండీ తెల్లవార్లూ ఎదురుచూస్తూ కూర్చుంది.

ఇది పాత పేచీ. 1981 నాటి డాస్‌లో ఫోల్డర్లు లేవు. ముందుకు వాలిన గీతను ఆదేశాలకు వాడేశారు. 1983లో ఫోల్డర్లు వచ్చేసరికి, దారి చూపడానికి వెనక్కి వాలిన గీతే మిగిలింది. యూనిక్స్‌లో దారి చూపేది ముందుకు వాలిన గీతే.

మందు చిన్నదే. ‘//సీ’ అని గీత రెండుసార్లు కొడితే, బ్యాష్ ఒకటి తీసేసి, మిగతాది ఉన్నదున్నట్టు అందిస్తుంది.

పెద్దాయన ఫైల్లో ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడలేదు. కుర్రాడు మాత్రం మారాడు. ఇప్పుడు నకలు కళ్లారా చూశాకే ఇంటిదారి పడుతున్నాడు.