గాజు సెలైన్ సీసా

ఇప్పటి కుర్ర డాక్టర్లు గాజు సెలైన్ సీసా చూసి ఉండరు. నోటికి రబ్బరు బిరడా, దాని మీద అల్యూమినియం రేకు, ఒంటి మీద కొలత గీతలు. తలకిందులుగా స్టాండుకు తగిలించి బిరడాలో రెండు సూదులు గుచ్చేవాళ్ళం. ఒకటి సెలైన్ దిగడానికి, ఒకటి గాలి లోపలికి పోవడానికి. గాలి సూది లేకపోతే చుక్క పడదు. సెలైన్ దిగుతున్నంతసేపూ సీసాలో బుడగలు పైకి లేచేవి. లారీ గుద్దిన మనిషిని క్యాజువాలిటీలో పడుకోబెట్టాక, బీపీ అందనప్పుడు, అందరి కళ్ళూ ఆ బుడగల మీదే. అవి వడివడిగా లేస్తుంటే బతికించుకుంటామన్న ధైర్యం వచ్చేది. గాజును పిండలేం కదా, వార్డుబాయ్ స్టూలెక్కి సీసాను చేత్తో ఎత్తి పట్టుకునేవాడు.

నరాలు కుంగిపోయి సూదికి దొరక్కపోతే డ్యూటీ డాక్టరు "కట్‌డౌన్ సెట్ తీయండి సిస్టర్" అనేవారు. చీలమండ లోపలి ఎముకకు కాస్త ముందు చర్మం కోసి, నరాన్ని వెతికి పట్టి, దారంతో పైకెత్తి, చిన్న గాటు పెట్టి గొట్టం దూర్చేవారు. చెయ్యి తిరిగినవాళ్ళు చేస్తుంటే చూడముచ్చటగా ఉండేది. ఇప్పుడు నేరుగా ఎముకలోకే సూది దించుతున్నారు.

పోయిన రక్తం ఒక వంతైతే సెలైన్ మూడు వంతులు. అప్పటి లెక్క అది. ముందు రెండు లీటర్లు పరుగెత్తించడమే చదువు. బీపీ లేచేది, కాసేపటికి పడిపోయేది, మళ్ళీ సీసా తగిలించేవాళ్ళం. గాయంలోంచి కారే రక్తం పలచబడిపోయి గుడ్డ మీద గులాబీ రంగు నీళ్ళలా పరుచుకునేది, గడ్డ కట్టేది కాదు. ఒత్తిడి పెరిగితే అప్పుడే కుదురుకుంటున్న గడ్డ ఊడిపోతుంది. గడ్డ కట్టించే పదార్థాలు సెలైన్‌తో పలచబడతాయి. ఒళ్ళు చల్లబడితే మిగిలినవీ సరిగా పనిచెయ్యవు. రక్తం కారే చోటు కట్టకుండా బీపీ లేపితే ముప్పని అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1918లోనే రాశాడు. 1994లో హ్యూస్టన్ డాక్టర్లు కత్తిపోట్లు, తూటా గాయాలు తగిలిన 598 మందిలో అదే తేల్చారు. ఆపరేషన్ దాకా సెలైన్ ఆపినవాళ్ళలో 70 శాతం బతికారు, ముందే ఎక్కించినవాళ్ళలో 62 శాతం. తలకు దెబ్బ తగిలినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకు బీపీ పడిపోనివ్వకూడదు.

రక్తమూ ఒకప్పుడు సీసాల్లోనే వచ్చేది. గేటు పక్క టీకొట్టు దగ్గర రక్తం అమ్ముకునేవాళ్ళు కూర్చునేవారు. ఎక్కువమంది పొట్టకూటికి వచ్చిన కూలీలు, రిక్షావాళ్ళు. పాలిపోయిన వాళ్ళ కళ్ళు చూస్తే, వాళ్ళకే ఎవరైనా రక్తం ఎక్కించాలనిపించేది. సుప్రీంకోర్టు 1996 తీర్పుతో 1998 జనవరి 1 నుంచి ఆ అమ్మకం నిషేధమైంది. ఆ టీకొట్టు బల్లలు ఖాళీ అయినందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.

సీసాల తర్వాత ప్లాస్టిక్ సంచులొచ్చాయి. రక్తాన్ని ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీశారు. ఒకరి రక్తం ముగ్గురికి పనికొచ్చింది. భారీగా రక్తం పోయినవాళ్ళకు ఆ మూడింటినీ సమపాళ్ళలో కలిపి ఇవ్వమంటున్నారు ఇప్పుడు. ఉత్తర అమెరికాలో 680 మంది మీద జరిగి 2015లో వెలువడిన ప్రాపర్ పరిశోధనలో, అలా ఇచ్చినవాళ్ళలో మొదటి 24 గంటల్లో రక్తస్రావంతో చనిపోయినవాళ్ళు 9.2 శాతం. ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఎర్రకణాల్లో సగమే ఇచ్చినవాళ్ళలో 14.6 శాతం. దీనికి తోడు దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు, గడ్డ కరిగిపోకుండా ఆపే ట్రానెక్సమిక్ యాసిడ్. ఖరీదైన మందేమీ కాదు.

ఆ సీసాల రోజుల్లో ఒకసారి, తమ్ముడి చేతినుంచి అప్పుడే తీసిన వెచ్చటి రక్తపు సీసా అన్నకు ఎక్కుతుండగా, అంతసేపూ ఆగని కారుడు ఆగడం నేను చూశాను. కారణం అప్పుడు మాకెవరూ చెప్పలేదు. ఆ తాజా రక్తంలో ప్లేట్‌లెట్లూ, గడ్డకట్టించే పదార్థాలూ అన్నీ ఉన్నాయి. ఎయిడ్స్ పరీక్ష లేని కాలం అది, దానితోపాటు ఏం ఎక్కిందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు అమెరికా సైన్యం ముందే పరీక్షించి పెట్టుకున్న దాతల దగ్గర విడదీయని రక్తం (హోల్ బ్లడ్) తీసుకుని యుద్ధభూమిలోనే ఎక్కిస్తోంది. మన జాతీయ రహదారుల పక్కనున్న ఆసుపత్రులకూ అలాంటి రక్తం, అర్ధరాత్రి అడిగినా దొరికేలా రావాలి.