ఎక్స్‌రేకి అందని అరుగుదల

మోకాలి ఎక్స్‌రే పట్టుకొచ్చి "గుజ్జు ఎంత మిగిలింది డాక్టరుగారూ?" అని ఎవరో ఒకరు అడగని రోజుండదు. నిజానికి ఎక్స్‌రేలో గుజ్జు కనబడనే కనబడదు. రెండు ఎముకల మధ్య సందును బట్టి లెక్క కడతాం, అంతే. అదీ నిలబెట్టి తీస్తేనే. పడుకోబెట్టి తీస్తే అరిగిన మోకాలు కూడా దిట్టంగా కనిపించవచ్చు. మేం ఇప్పటికీ వాడే కెల్‌గ్రెన్–లారెన్స్ గ్రేడులు 1957 నాటివి. సందు తగ్గి, ఎముక అంచున ముళ్లు మొలిస్తే గానీ అవి గట్టిగా ఏదీ చెప్పవు.

గుజ్జుకి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. అందుకే మొదట్లో నొప్పి తెలియదు, పాడైన చోట దానంతటది పూడదు. అందులో 65 నుంచి 80 శాతం నీరే. ఆ నీటిని పట్టి ఉంచేవి ప్రోటియోగ్లైకాన్లు, బిగించి ఉంచేవి కొలాజెన్ పోగులు. పైన నున్నగా ఉండగానే లోపల ఈ అల్లిక సడలుతుంది. ఎంఆర్ఐలో టీ2 మ్యాపింగ్ పట్టుకునేది ఆ సడలింపునే. సడలిన చోట టీ2 అనే కొలత పెరుగుతుంది, మ్యాప్‌లో రంగు మారుతుంది.

లిగమెంటు ఆపరేషన్ అయిన కబడ్డీ కుర్రాడొకడు వచ్చాడు. ఎక్స్‌రే బాగుంది. మామూలు ఎంఆర్ఐలో గుజ్జు మందమూ తగ్గలేదు. మ్యాపింగ్‌కి ముందు అరగంట కూర్చోబెట్టాం. నడిచొచ్చిన మోకాల్లో బరువుకి గుజ్జులోని నీరు సర్దుకుని కొలత తప్పుతుంది మరి. "ఊరికే కూర్చోబెట్టడానికేనా సార్ ఇంత బిల్లు!" అని వాళ్ల నాన్న సణిగాడు. తీరా చూస్తే తొడ ఎముక కింది కొసన, బయటివైపు చిన్న మచ్చ. చుట్టూ టీ2 40 మిల్లీసెకన్ల లోపుంటే అక్కడ 55 దాటింది.

మ్యాప్‌లోని రంగుల్ని చూసి వెంటనే కంగారు పడకూడదు. అయస్కాంత క్షేత్రానికి సుమారు 55 డిగ్రీల వాలులో ఉన్న పోగులు జబ్బు లేకున్నా టీ2 పెంచి చూపిస్తాయి. కుర్రాడి మచ్చ ఆ వాలులో లేదు, బరువు పడే చోట ఉంది. అందుకే రిపోర్టులో రాశాను.

ఈ పరీక్ష అందరికీ అక్కర్లేదు. కాళ్లు విల్లులా వంగిపోయి వచ్చిన పెద్దావిడకి నిలబెట్టి తీసిన ఎక్స్‌రే చాలు. పోయిన గుజ్జును మళ్లీ పెంచుతుందని రుజువైన మందు లేదు కాబట్టి, ముందే తెలిసినా చేయగలిగేది బరువు తగ్గడం, తొడ కండరాలు గట్టిపరచుకోవడం, ఆటను కొన్నాళ్లు ఆపడం. ఇక కొలతల విషయానికొస్తే, అమెరికాలో 2004లో మొదలైన ఆస్టియోఆర్థరైటిస్ ఇనిషియేటివ్‌లో 4,796 మంది మోకాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. బాసింపట్టు వేసుకుని కూర్చునే మన మోకాళ్లకు ఆ కొలతలు ఎంతవరకు సరిపోతాయో నాకు అనుమానమే.

"మళ్లీ కూతకెళ్లొచ్చా సార్?" అన్నాడు కుర్రాడు. ఆ మాట చెప్పాల్సింది ఆర్థో డాక్టరు. ఏడాది తర్వాత ఇదే మెషీన్లో, ఇదే కాయిల్‌తో తీయించుకోమన్నాను. మెషీను మారితే అంకెలూ మారతాయి.

"అప్పుడూ అరగంట కూర్చోవాలా?" అన్నాడు వాళ్ల నాన్న.

కూర్చోవాలన్నాను.