ఉన్ని లేని గొర్రె

చలికాలం రాగానే హైదరాబాద్ మాల్స్‌లో కాలర్‌కు బొచ్చు కుట్టిన జాకెట్లు వేలాడతాయి. మన చలికి అదెందుకో నాకైతే అర్థం కాదు. అదీ చాలావరకు అక్రిలిక్ బొచ్చే. మింక్, నక్క, చించిల్లా తోళ్ల దిగుమతిని మన దేశం 2017 జనవరిలో నిషేధించింది. మంచి పనే, ఫర్ కోటు కావాలంటే జీవి చావాలి కదా.

గొంగడికి అక్కర్లేదు. కొడకండ్ల అనగానే అందరికీ పద్మశాలీల మగ్గాలే గుర్తొస్తాయి. మేం కురుమలం, మాది ఉన్ని. నల్ల దక్కనీ గొర్రెకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించేవాళ్లు. ఆడవాళ్లు వడికేవాళ్లు, మగవాళ్లు గుంట మగ్గం మీద నేసేవాళ్లు. గట్టిదనానికి చింతగింజల గంజి. ఒంటికి గుచ్చుకుంటది, అబద్ధమెందుకు? "గుచ్చకపోతే అది గొంగడెట్లయితది?" అనేవాడు తాత. వానలో అదే గొడుగు, రాత్రి మంద కాడ అదే పరుపు, పెండ్లిలో పరిచేదీ అదే.

ఆ 2017లోనే తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు. మా చిన్నాయినకు వచ్చినవి నెల్లూరు రకం. వాటికి పొట్టి వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు. ఎత్తుగా పెరుగుతాయి, మాంసానికి మంచి ధర. ఆయన్ని ఏమనగలం? దక్కనీ గొర్రెలు తగ్గడం అంతకుముందే మొదలైంది, ఉన్ని కొనేవాళ్లు లేక.

ఇప్పుడు హైదరాబాద్‌లో గొంగడి బట్టతో బూట్లు కుడుతున్నారు. చెల్లె పెండ్లికి కొత్త గొంగడి నేయిద్దామా అని మొన్న చిన్నాయినను అడిగాను.

"ఉన్నేదిరా?" అన్నడు. మందలో నల్లవి మూడున్నయి.